లాక్స్‌టన్ పొలాలు ఏ శాఖవి? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లీషులో రాసిన అర్జీలకు జవాబు లేదు కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నాను. తమరు చదవరని తెలుసు. అవీ చదవలేదు కదా, పెద్ద తేడా ఏముంది? కనీసం మావాళ్లయినా చదువుతారు.

విషయం మళ్ళీ లాక్స్‌టనే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఆ పల్లె సంగతి తమకు తెలియనిది కాదు. కంచెలు లేని పెద్ద పొలాలను చెక్కలుగా, అంటే సన్నటి పొడవాటి ముక్కలుగా పంచుకుని, రైతులంతా ఒకే కట్టుబాటు కింద సాగు చేసే పాత పద్ధతి అక్కడ ఇంకా నడుస్తోంది. 1086లో ఇంగ్లండ్ రాజు రాయించిన భూముల లెక్క, డూమ్స్‌డేలోనే ఉన్న ఊరు. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటం ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆ పటంలోని వెస్ట్, మిల్, సౌత్ అనే మూడు పెద్ద పొలాలను ఇప్పటికీ దున్నుతున్నారు. కాగితానికి ఉన్న భద్రత పొలానికి ఉందా అన్నదే నా బాధ.

1952లో ఆ ఊరి భూస్వామి మాన్వర్స్ ఎర్ల్ దగ్గర ప్రభుత్వం ఆ పొలాలు ఎందుకు కొన్నదండీ? దేశమంతా కంచెలు వేసుకున్నాక మిగిలిన ఈ పాతకాలపు సాగు పోకూడదనే కదా. 1981లో రాచరికం పేరిట ఉన్న ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి అప్పగించారు. వాళ్లు 2018లో అమ్ముతామన్నారు, 2020లో అమ్మేశారు. కొన్నది ఎవరు? ఆ మాన్వర్స్ వారసుల థోర్స్‌బీ ఎస్టేటే! అంటే 68 ఏళ్లు ఊరంతా తిప్పి, బయల్దేరిన గుమ్మం దగ్గరే దించారు. కొన్నవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, ఊరితో తరాల అనుబంధం వాళ్లది. కానీ కాపాడతామని కొన్న ప్రభుత్వం చేతులు దులుపుకుంటే రేపటికి పూచీ ఎవరిది?

మా వైపు గట్టు జానెడు జరిగితే తలలు పగులుతాయి, కోర్టుల్లో తరాలు గడిచిపోతాయి. ఇక్కడ చెక్కకీ చెక్కకీ మధ్య గట్టే లేదు. నవంబరు చివర్లో రైతులే జ్యూరీగా గోధుమ వేసిన పొలానికి వెళ్తారు, హద్దుల్లో కొయ్యలు పాతుతారు, దారిలోకో గడ్డినేలలోకో దున్నేసినవాడికి జరిమానా రాస్తారు. తర్వాతి వారం డవ్‌కోట్ అనే పబ్బులో ఆ జరిమానాలు తేల్చే ఊరి కోర్టు. లాయర్లు లేకుండా పొలం తగాదా తేలిపోవడం చూసి నాకు అసూయ వేసింది, నిజంగా.

దీన్ని కాపాడండి అని రాస్తే ఏమైంది? ఒక ఆఫీసు వాళ్లు ఇది వ్యవసాయం, మాది కాదన్నారు. వ్యవసాయం చూసేవాళ్లు ఇది వారసత్వం, అటు వెళ్లమన్నారు. మూడోచోట కౌన్సిల్‌ని అడగమన్నారు, కౌన్సిల్ వాళ్లు లండన్‌ని అడగమన్నారు. నాలుగు చోట్లా మర్యాదగానే చెప్పారు, అదే చిరాకు. ఊళ్లోని పాత కోట దిబ్బకి చట్టం రక్షణ ఉంది. గడ్డినేలల్లోని పూలమొక్కలకూ ఉంది, సంతోషం. మరి రేపు కౌలుకి రైతే దొరకకపోతే? కొడుకులు ఈ సాగు గిట్టదని ఉద్యోగాలకు వెళ్లిపోతే? మిగిలిన చెక్కలన్నీ ఒకటి చేసి పెద్ద యంత్రాలు దింపితే లాభం కదా అని ఎవరికైనా అనిపిస్తే? దిబ్బ చుట్టూ కంచె వేసి టికెట్ పెడతారా? రైతు లేకపోతే జ్యూరీ లేదు, జ్యూరీ లేకపోతే మిగిలేది ఆక్స్‌ఫర్డ్‌లోని పటమే.

సజీవ వారసత్వాన్ని, అంటే మనుషులు ఇంకా పాటిస్తున్న ఆచారాలను, పద్ధతులను కాపాడతామని యునెస్కో 2003 ఒప్పందాన్ని తమ దేశం 2024లో ఆమోదించింది. ఇరవై ఏళ్ల ఆలస్యమైనా మంచిదే. లాక్స్‌టన్ కన్నా సజీవమైనది తమ దృష్టిలో ఏదైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను.

అయ్యా, అడిగేది ఎక్కువ కాదు. ఆ సాగుకు పూచీ ఎవరిదో రాతలో పెట్టండి. ఆ పద్ధతిలో దున్నే రైతుకి గిట్టుబాటు చూడండి. ఏదో ఒకటి చేయండి. అదీ కాకపోతే, ముందు నా ఫైలు ఏ శాఖ బల్ల మీద ఉందో చెప్పండి.

ఇట్లు,
లాక్స్‌టన్ పొరుగున ఉండే ఒక తెలుగువాడు