టేపు ఎత్తితే ముఖం దాచుకునే పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో బెత్తం పోయాక పిల్లలు చెడిపోయారని, ఇంట్లోనైనా తల్లిదండ్రులు చెయ్యి చేసుకోకపోతే దారికి రారని ఈ మధ్య మీ పాఠకుల పేజీలో ఒక పెద్దాయన రాశారు. ‘దండం దశగుణం భవేత్’ అని పెద్దలు ఊరికే అన్నారా అని కూడా అడిగారు. నేను కాజీపేటలో ఇరవై రెండేళ్లుగా బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. బెత్తం ఎక్కడికీ పోలేదని నాకు కొలతలు తీసేటప్పుడు తెలుస్తుంది.

మే నెలాఖరు నుంచి జూన్‌లో బడులు తెరిచే దాకా మా దుకాణంలో నిలబడటానికి చోటుండదు. పిల్లవాడిని ఎదురుగా నిలబెట్టి, భుజం కొలవడానికి టేపు పట్టిన చెయ్యి పైకెత్తుతాను. చాలామంది చక్కిలిగింతలని మెలికలు తిరుగుతారు. కొందరు మాత్రం చటుక్కున మోచేయి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. వెంట వచ్చిన తల్లో తండ్రో నవ్వేసి, “వీడికి భయమెక్కువ” అంటారు. ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా ఇందులో నాకు కనబడలేదు. నిక్కరు పొడవు చూడటానికి వంగినప్పుడు తొడ మీద కమిలిన మచ్చలూ కనిపిస్తాయి. తొడపాశం మచ్చ ఎలా ఉంటుందో మా ఈడు వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నీతులు చెప్పే అర్హత నాకూ లేదు. మా అబ్బాయిని ఏడో తరగతి దాకా నేనూ కొట్టాను. గుడ్డ మీద గీతలు గీసే చెక్క స్కేలు ఎప్పుడూ చేతికి అందేలా ఉండేది. బతుకమ్మ ముందు జాకెట్లు కుట్టే రోజుల్లో అర్ధరాత్రి దాకా మిషను మీదే ఉండేదాన్ని. పిల్లలిద్దరూ గొడవపడితే విచారణ ఏమీ లేకుండా పెద్దవాడికి రెండు తగిలించేదాన్ని. ఇల్లు వెంటనే సద్దుమణిగేది. పని జరిగింది కదా, ఇక దీన్ని మించిన మార్గం ఏముంటుందని అనుకున్నాను. ఒకరోజు బడి నుంచి కబురు వచ్చింది. వరుసగా మూడు పరీక్షల ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం వాడే పెట్టేశాడు. నాకంటే అందంగా పెట్టాడు. చూపిస్తే అమ్మ కొడుతుందని టీచరుతో చెప్పాడట. మార్కులు తక్కువైనప్పుడల్లా కొట్టాను. వాడికి లెక్కలు రాలేదు, సంతకం వచ్చింది.

ఇక ఆ శ్లోకం సంగతి. మా అమ్మాయి తెలుగు పండితుడిని అడిగి పూర్తి అర్థం రాసుకు వచ్చింది. చేతికర్రతో పది ఉపయోగాలట. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు పనికొస్తుంది. బురదలో, నీళ్లలో నడవడానికి ఊతం. గుడ్డివారికి, చీకట్లో నడిచేవారికి, ముసలితనంలో ఉన్నవారికి ఆసరా. లెక్కపెట్టి చూడండి, పది పూర్తయ్యాయి. అందులో పిల్లల మాటే లేదు.

“మమ్మల్నీ కొట్టారు, మేం బాగుపడలేదా?” అని ఆ పెద్దాయన అడిగారు. మా పుట్టిల్లు నర్సంపేట దగ్గర మిర్చి పండించే ఊరు. అల్లరి చేసే పిల్లలను గదిలో పెట్టి మిరపకాయల పొగ పెట్టేవారు. ఆ పొగ తిన్నవాళ్లలో ఒకాయన ఇప్పుడు ఉద్యోగం చేస్తూ అదే మాట గర్వంగా చెబుతాడు. అదే వాడకట్టులో దెబ్బలకు తాళలేక సూరత్ రైలెక్కి పోయినవాడు ఒకడున్నాడు. వాడిని పిలిచి అడిగినవారు లేరు. మా ఆయనది రైల్వే ఉద్యోగం. ఇల్లు విడిచి వచ్చి ప్లాట్‌ఫాం మీద కూర్చున్న పిల్లలు ఆయనకు కొత్త కాదు. అలాంటి పిల్లలు కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలని నాకు ఆయన ద్వారానే తెలిసింది.

దెబ్బ ఒక్కటే చెడ్డదని నేను అనడం లేదు. చెయ్యి ఎత్తకుండానే పిల్లలను నలిపేసే ఇళ్లు నాకు తెలుసు. మూడు రోజులు మాట్లాడకుండా ఉండటం, అన్నం పెట్టనని బెదిరించడం, పక్కింటి పిల్ల మార్కులు చదివి వినిపించడం, చుట్టాల ముందు పక్క తడిపిన సంగతి చెప్పి నవ్వడం... ఇవన్నీ పెంపకం కిందే చెలామణి అవుతున్నాయి. వంద సార్లు రాయించే శిక్ష మరీ విచిత్రం. రాయడం మీద ఇష్టం పెరగాలని ఒకపక్క కోరుకుంటూ, ఆ రాతనే శిక్షగా వేస్తాం. రాత్రి కొట్టి, పొద్దున్నే మనసు ఒప్పక చిప్స్ ప్యాకెట్టు కొనిచ్చే తండ్రులున్నారు. ఏడుపు ఆపాలని ఫోను చేతికిచ్చి, వారం తర్వాత అదే ఫోను కోసం వీపు విమానం మోత మోగించే తల్లులూ ఉన్నారు. నిన్న నవ్వుకున్న పనికి ఇవాళ దెబ్బలు ఎందుకు పడ్డాయో ఆ పిల్లలకు అర్థం కాదు.

సంతకం గొడవ తర్వాత స్కేలును గుడ్డకే పరిమితం చేశాను. అంటే పిల్లలను గాలికి వదిలేశానని కాదు. ఒకసారి వాడు కోపంతో గుండీల డబ్బా విసిరికొట్టాడు. ఏ రంగువి ఆ రంగుకు ఏరి పెట్టే దాకా ఆటకు పోవద్దన్నాను. గంటన్నర పట్టింది. నేను అరవలేదు, సాయమూ చేయలేదు. రాత్రి ఎనిమిదింటికి టీవీ ఆపాలి, ఆపకపోతే మర్నాడు టీవీ లేదు అని ముందే చెప్పాం. మొదటి వారంలోనే మూడు సార్లు మాట తప్పారు, మూడు సార్లూ మర్నాడు టీవీ పెట్టలేదు. అసలు కష్టం మా ఆయనతో వచ్చింది. డ్యూటీ దిగి వచ్చి, పాపం అంటూ ఆయనే పెట్టేసేవాడు. అమ్మ దగ్గర ఒక చట్టం, నాన్న దగ్గర ఇంకో చట్టం ఉంటే పిల్లలు వకీళ్లవుతారు. ఆయన దారికి రావడానికి పిల్లల కంటే ఎక్కువ రోజులు పట్టింది. మరొకటి కూడా గమనించాను. చెప్పకుండానే పుస్తకం తీసిన రోజు అప్పటికప్పుడే ఆ మాట చెప్పి మెచ్చుకుంటే, మర్నాడూ తీస్తారు. మా అమ్మ మమ్మల్ని అలా ఎన్నడూ మెచ్చుకోలేదు, దిష్టి తగులుతుందని.

నా చదువు పదో తరగతి. కాబట్టి ఇకపై రాసేది మా అమ్మాయి చదివి చెప్పింది. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో మన అప్పటి ఉమ్మడి రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. 2016లో ఇద్దరు అమెరికా పరిశోధకులు అంతకుముందు యాభై ఏళ్లలో వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చారు. అందులో దాదాపు 1,60,000 మంది పిల్లల వివరాలున్నాయి. ఎక్కువ దెబ్బలు తిన్నవారిలో ఎదురుతిరగడం, తోటివారిని కొట్టడం ఎక్కువగా కనిపించాయి. మొండివాళ్లకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా, ఏది ముందు అని నేనూ అడిగాను. మొదట్లో ఎంత మొండితనం ఉందో లెక్కలోకి తీసుకుని ఏళ్ల తరబడి పిల్లల వెంట నడిచిన అధ్యయనాలూ ఉన్నాయట. వాటిలోనూ దెబ్బలతో పాటు మొండితనం పెరిగినట్టే తేలిందట.

బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో కొట్టడం గురించి మనకు అంత సూటి నిషేధం లేదు. స్వీడన్ 1979లోనే చేసింది, మన పక్కనున్న నేపాల్ 2018లో చేసింది. ఇక్కడా రావాలా అంటే, ఇప్పుడే పోలీసులను ఇంట్లోకి పిలవడం నాకు ఇష్టం లేదు. నేను కోరేది చాలా చిన్న పని.

బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు పెడుతున్నారు, మంచిదే. నేను వెళ్లిన ఒక సమావేశంలో పిల్లలను ఒక్కొక్కరినే లేపి అందరి ముందు మార్కులు చదివారు. ఒక తండ్రి అక్కడికక్కడే కొడుకు చెంప మీద కొట్టాడు. కొందరు నవ్వారు, టీచరు తరువాతి పేరు పిలిచింది. “రెండు కళ్లు వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్” అని మరో తల్లి చెప్పి వెళ్లింది. ఆ 17వ సెక్షన్‌లో మానసిక వేధింపు కూడా నిషేధమేనని అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

మార్కులను పైకి చదవడం మానిపించాలని హనుమకొండ, వరంగల్ జిల్లాల విద్యాధికారులను కోరుతున్నాను. కార్డు చేతికిచ్చి, ఒక్కో ఇంటివారితో విడిగా అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. ఆ అయిదు నిమిషాల్లో “ఇంట్లో కాస్త గట్టిగా చూడండి” అనే మాట మాత్రం టీచర్లు దయచేసి అనవద్దు. మా ఇళ్లలో ఆ మాటకు ఒకటే అర్థం.

ఇట్లు,
ఒక దర్జీ,
కాజీపేట