రమణకు, అనంతపురం నుంచి

ప్రియమైన రమణా,

ఒక యాప్‌లో శుక్రవారం వాన, ఇంకోదాంట్లో ఆదివారం, టీవీలో అసలు ఎండే అంటున్నారు, అరటి గెలలు ఇప్పుడే కొట్టించాలా, పది రోజులు ఆగాలా అని అడిగావు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

నిన్న సాయంత్రం మీ తోటకు వెళ్లొచ్చాను. గెలలు బాగా దిగాయిరా. గెలలో పై హస్తాల్లో (అత్తాల్లో) కాయ గుండ్రబడింది. కింది హస్తాల్లో మాత్రం చేత్తో తడిమితే అంచులు ఇంకా తెలుస్తున్నాయి, అంటే పూర్తిగా ముదరలేదు. ఆగితే బరువు తూగుతుంది, ఆ మాట నిజమే. మీ నాన్న ఆశ కూడా అదే.

వేసవిలో మన వాన తుఫానులాగా నాలుగు రోజుల ముందు నుంచే సముద్రంలో కనబడుతూ వచ్చేది కాదు. విదర్భ వైపు నుంచి తెలంగాణ, సీమ, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి గీత లాంటిది, ఏర్పడుతుంది. దానికి తూర్పున బంగాళాఖాతం తేమగాలి, పడమర పొడి వేడిగాలి. ఆ గీత బళ్లారి, చిత్రదుర్గ వైపు ఉంటే తేమ మన దాకా వస్తుంది, మధ్యాహ్నం ఎండకు మబ్బు లేస్తుంది. అదే గీత కడప, నెల్లూరు వైపు జరిగితే మనకు 42 డిగ్రీల ఎండ తప్ప ఏమీ ఉండదు. నూరు కిలోమీటర్లు అటూ ఇటూ జరిగినా మన జాతకం మారిపోతుంది. అది ఏ రోజు ఎక్కడుంటుందో వారం ముందే కచ్చితంగా చెప్పడం ఎవరి తరం?

అందుకే వాతావరణ శాఖ వాళ్లను తిడుతుంటే నాకు బాధేస్తుంది. వాళ్లు ‘ఒకటి రెండు చోట్ల’ అన్నారంటే, ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకు మించి వాన పడదని లెక్క. తాడిపత్రిలో కుమ్మేసి నార్పలలో చుక్క రాలకపోయినా ఆ అంచనా తప్పినట్టు కాదు.

నా భయం వాన గురించి కాదు రమణా, గాలి గురించి. మబ్బు నుంచి దిగే చినుకులు కింద ఉన్న పొడిగాలిలో సగం ఆవిరైపోతాయి. దాంతో ఆ గాలి చల్లబడి, బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది. నేలను తాకి నలుదిక్కులా దూసుకెళ్తుంది. చూస్తుండగానే దుమ్ము లేస్తుంది, ఆకులు పీలికలవుతాయి, గెల బరువున్న చెట్టు నడిమికి విరుగుతుంది. వాన ఐదు నిమిషాల తర్వాత వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ‘భరణి కురిస్తే ధరణి పండుతుంది’ అని పెద్దలు అన్నది దుక్కి భూముల సంగతి. గెలలతో ఉన్న అరటికి ఆ కార్తె గండమే.

నా మాట వింటే పడమటి గట్టు వెంబడి సాళ్లు ఇప్పుడే కొట్టించు. అటు అడ్డం ఏమీ లేదు, గాలి నేరుగా తగిలేది అక్కడే. లోపలి సాళ్లకు ఊతకర్రలు పెట్టించి ఆపుదాం. కర్రలు నేను చూస్తాను. వారం రోజుల అంచనా పక్కన పెట్టు. పొద్దున వచ్చే ఆ రోజు అంచనా, మధ్యాహ్నం నుంచి మూడు గంటలకోసారి వచ్చే హెచ్చరిక, ఈ రెండే చూడు.

ఇంకో ముఖ్యమైన మాట. కోత పని మధ్యాహ్నం లోపల ముగించేయాలి. ఉరుము వినబడిందంటే కూలీలు ఎవరూ తోటలో ఉండకూడదు, గట్టు మీది వేపచెట్టు కిందికి అసలే పోకూడదు. మేస్త్రీ ఫోన్‌లో దామిని యాప్ వేయించాను, పిడుగుపాటు సూచన ఉంటే చెబుతుంది. గెల పోతే మళ్లీ వస్తుంది, మనిషి రాడు కదా.

రేటు సంగతి మీ నాన్నతో మాట్లాడి రాత్రికల్లా ఫోన్ చెయ్యి. సరే అంటే రేపే లారీ మాట్లాడతాను.

నీ
శీను