విదేశాంగ మంత్రి గారూ, మసూద్‌ను మరవకండి

గౌరవనీయులైన భారత విదేశాంగ మంత్రి గారికి,

కాబూల్‌లో మన కార్యాలయానికి 2025లో మళ్లీ రాయబార హోదా ఇచ్చారు. తాలిబన్లతో మాట్లాడక తప్పదేమో. అయినా ఆ తాలిబన్లకు ఎదురు నిలిచిన అఫ్గాన్ నాయకుడు అహ్మద్ షా మసూద్‌ను మరవకండి. పంజ్‌షీర్ లోయలో సోవియట్ సేనల దాడులను పదేపదే తిప్పికొట్టిన ఆయన, 2001 ఏప్రిల్‌లో ఐరోపా పార్లమెంటుకు వెళ్లి ముంచుకొస్తున్న ఉగ్రవాదం గురించి హెచ్చరించారు. ఎవరు విన్నారు? సెప్టెంబరు 9న విలేకరుల వేషంలో వచ్చిన ఇద్దరు బాంబు పేల్చి ఆయన్ని చంపేశారు.

మచ్చలేని మనిషని అనను. 1993లో ఆయన బలగాలు కూడా పాల్గొన్న కాబూల్‌లోని అఫ్షార్ ప్రాంతం దాడిలో అఫ్గాన్ మైనారిటీ తెగ అయిన హజారాలు బలయ్యారు. కానీ ఆయన అధీనంలోని ప్రాంతాల్లో ఆడపిల్లలు చదువుకున్నారు. ఈరోజు ఆరో తరగతి దాటితే వాళ్లకు బడి లేదు.

కాబూల్‌తో ప్రతి చర్చలోనూ ముందు ఆ బడుల సంగతి అడగండి. అఫ్గాన్ అమ్మాయిలకు వీసాలు, స్కాలర్‌షిప్పులు పెంచండి.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు