మంచులో ఆగిన బ్యాటరీకి ఏసీ గదిలో పరీక్షా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: చలిలో ఆగిపోతున్న కెమెరా బ్యాటరీని మార్చి ఇవ్వడం గురించి

నమస్కారం. డిసెంబరులో హైదరాబాద్‌లోని మీ షోరూంలో కెమెరా, దాంతోపాటు ఒక అదనపు బ్యాటరీ కొన్నాను. మైనస్ 10 డిగ్రీల వరకు వాడొచ్చని మీ మాన్యువల్‌లో ఉంది. అది చూసే ఈ మోడల్ తీసుకున్నాను. మంచు చిరుతను ఫొటో తీయాలని, హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయలోని కిబ్బర్ ఊరికి వెళ్లడానికి రెండేళ్లుగా డబ్బు కూడబెట్టాను.

ఫిబ్రవరిలో అక్కడ రాత్రిళ్లు మైనస్ 20 దాటుతుంది. ఆ వేళల్లో కెమెరా బయటికి తీయనే లేదు. నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి జంతువుల జాడ కనిపెట్టే ఊరి స్పాటర్ ఎదురు కొండ అంచున చిరుతను చూపించాడు. థర్మామీటర్‌లో మైనస్ 7, కెమెరాలో ఉన్న అదనపు బ్యాటరీ 64 శాతం. మూడు ఫొటోలు తీశానో లేదో కెమెరా ఆగిపోయింది. గ్లవ్స్ తీసి, లోపలి జేబులోని రెండో బ్యాటరీ మార్చేసరికి చిరుత కొండ దాటేసింది. ఆ మూడింటిలోనూ అది వెనక్కి తిరిగే ఉంది. ఆగిన బ్యాటరీని ఒంటికి ఆనించి పెట్టుకుంటే అరగంటకు మళ్లీ 60 శాతం చూపించింది!

చలికి లిథియం అయాన్ బ్యాటరీలో రెసిస్టెన్స్ పెరిగి వోల్టేజ్ పడిపోతుందని నాకు తెలుసు. అందుకే రెండింటినీ ఒంటికి దగ్గరగానే ఉంచాను, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టలేదు. కెమెరాతో వచ్చిన బ్యాటరీ అదే చలిలో మధ్యాహ్నం దాకా పనిచేసింది. విడిగా కొన్నది మాత్రం ఆ తర్వాత కూడా రెండుసార్లు ఇలాగే ఆగింది.

మీ సర్వీస్ సెంటర్ నాలుగు రోజులు ఉంచుకుని "లోపం లేదు" అని కాగితం ఇచ్చింది. ఎక్కడ పరీక్షించారని అడిగితే ఏసీ గదిలోనే అన్నారు. 24 డిగ్రీల దగ్గర అది మా ఇంట్లోనూ బాగానే పనిచేస్తోంది. నేను రాసిచ్చింది చలి గురించి, దాన్ని ఎవరూ చదవలేదనే నా బాధ.

దయచేసి ఈ బ్యాటరీని మైనస్ 10 దగ్గర పరీక్షించి రీడింగులు నాకు చూపించండి, లేదా వారంటీ కింద కొత్తది ఇవ్వండి. బిల్లు, సర్వీస్ కాగితం, ఆ మూడు ఫొటోలు జతచేస్తున్నాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వచ్చే ఫిబ్రవరికి కిబ్బర్‌లో మళ్లీ గది మాట్లాడుకున్నాను. ఈలోపు నాకు నమ్మకమైన బ్యాటరీ కావాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్