ఫోన్ ట్యాపింగ్: సమీక్ష కమిటీ ఏం చూసింది?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ పోలీసుల నిఘా విభాగమైన ఎస్ఐబీ (స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో) రాజకీయ నాయకులు, జర్నలిస్టుల ఫోన్లు విన్నదన్న ట్యాపింగ్ కేసు గురించి 2024 మార్చి నుంచి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఎవరి ఫోన్ విన్నారు, ఎవరు వినమన్నారు అన్న చర్చ చాలానే జరిగింది. విన్న ఫోన్ల నంబర్లు ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో టెలికాం కంపెనీలకు వెళ్లాయి, ఆ కాగితాన్ని తర్వాత ఎవరు సరిచూశారు అన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగడం లేదు. కేసు కోర్టులో ఉంది కాబట్టి నిందితుల తప్పొప్పుల జోలికి మేం వెళ్లం. మేం రాస్తున్నది పద్ధతి గురించి.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 20(2) సెక్షన్ ప్రకారం ఫోన్ వినాలంటే రెండు గడపలు దాటాలి. ముందు పబ్లిక్ ఎమర్జెన్సీ గానీ, ప్రజాభద్రతకు ముప్పు గానీ ఉండాలి. అది ఉన్నాకే రెండోది: దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపణను అడ్డుకోవడం వంటి కారణాల్లో ఒకటి చూపాలి. మొదటి గడప రహస్యంగా ఉండేది కాదని, మామూలు మనిషి కంటికి కూడా కనపడే పరిస్థితి అయి ఉండాలని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న చెప్పింది. 2019లో బాంబే హైకోర్టు, 2025 జులైలో మద్రాసు హైకోర్టు ఇదే సూత్రం మీద ట్యాపింగ్ ఉత్తర్వులను కొట్టేశాయి. ఆ రెండూ అవినీతి ఆరోపణల కేసులే. నేరం పట్టుకోవడానికి పనికొస్తుందన్న ఒక్క కారణంతో ఫోన్ వినడం కుదరదన్నమాట.

ఇక ఆ ఉత్తర్వు కాగితం ఎలా ఉండాలో చూడండి. రాష్ట్రంలో దాన్ని ఇవ్వాల్సింది హోం శాఖ కార్యదర్శి. కారణాలు అందులోనే రాయాలి. ఆ సమాచారం వేరే దారిలో దొరకదా అని ముందే ఆలోచించాలి. విన్నది ఏ అధికారికి చేరాలో పేరు, హోదా ఉండాలి. ఉత్తర్వు 60 రోజులే చెల్లుతుంది, పొడిగిస్తూ పోయినా 180 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ముందుగా మొదలుపెట్టించవచ్చు గానీ, మూడు పనిదినాల్లో హోం కార్యదర్శికి తెలపాలి, ఏడు పనిదినాల్లో ఆమోదం రాకపోతే ఆపేయాలి. టెలిగ్రాఫ్ నిబంధనల్లో 2007 నాటి 419ఏ నిబంధన చెప్పింది ఇదే. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఈ చట్రం అలాగే ఉంది.

తేడా కొట్టేది కారణాల గడిలో. చట్టంలో ఉన్న మాటల్నే అక్కడ దించేస్తే పైవాళ్లు చూసేది ఏమీ మిగలదు. మన ఉత్తర తెలంగాణలో ఈ గడి నింపడం ఇంకా తేలిక. ఎస్ఐబీ పుట్టిందే మావోయిస్టుల మీద నిఘాకు. రాజకీయ నాయకులు, జర్నలిస్టుల నంబర్లను మావోయిస్టు సానుభూతిపరుల జాబితాలో కలిపి అనుమతి తీసుకున్నారన్నది దర్యాప్తులో వచ్చిన ఆరోపణ. అది నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో ఆ ముద్ర ఎంత సులువుగా పడుతుందో, ఒకసారి పడితే ఎన్నేళ్లు వెంటాడుతుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పోడు భూమి గురించి అర్జీ రాసిచ్చిన మనిషి నంబరు కూడా అదే గడిలో పట్టేస్తుంది.

ఇలాంటి తప్పుడు ఉత్తర్వులను పట్టుకోవడానికే సమీక్ష కమిటీ ఉంది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు, న్యాయశాఖ కార్యదర్శి, హోం శాఖది కాని మరో కార్యదర్శి సభ్యులు. ప్రతి ఉత్తర్వూ ఏడు పనిదినాల్లో వీళ్లకు చేరాలి, రెండు నెలలకు ఒక్కసారైనా వీళ్లు కూర్చోవాలి. ఉత్తర్వు చెల్లదనిపిస్తే రద్దు చేసి, రికార్డింగులు ధ్వంసం చేయించే అధికారం వీళ్లకుంది. కానీ ముగ్గురూ ఒకే సచివాలయం వాళ్లు. జడ్జి లేడు, బయటి మనిషి లేడు, ఎదుటి పక్షం వాదన లేదు. కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 ఉత్తర్వులు ఇస్తోందని ఒక ఆర్టీఐ జవాబులో వచ్చింది. అంటే అక్కడి కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 కాగితాలు చూడాలి. ఇది అయ్యే పని కాదని 2018లో డేటా రక్షణ మీద కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. మన రాష్ట్రంలో ఆ సంఖ్య ఎంతో బయటికి చెప్పినవాళ్లు లేరు.

రికార్డుల ధ్వంసం సంగతి ఇంకా చిక్కు. అవసరం లేని రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధనే చెబుతోంది. గోప్యతకు అది మంచిదే. అయితే ఏ ఉత్తర్వు తాలూకు రికార్డు, ఏ రోజు, ఎవరి ఆదేశంతో పోయిందో రాసిన రిజిస్టరు లేకపోతే సాక్ష్యం మాపేయడానికీ అదే నిబంధన అడ్డం పెట్టుకోవచ్చు. అసెంబ్లీ ఫలితాలు వచ్చిన మర్నాడు, 2023 డిసెంబరు 4న, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణతోనే ఈ కేసు మొదలైంది. ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎస్ఐబీ దగ్గర పోయినా టెలికాం కంపెనీ దగ్గర జాడ దొరికే వీలుంది. ఉత్తర్వు అందిన రెండు గంటల్లో రసీదు ఇవ్వాలని, 15 రోజులకోసారి అందిన ఉత్తర్వుల జాబితా పంపి అవి అసలైనవేనని ఖరారు చేయించుకోవాలని 419ఏలోనే ఉంది. ఆ జాబితాలు, హోం శాఖ ఫైలు, సమీక్ష కమిటీ మినిట్స్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే దొంగ నంబరు ఎక్కడ చేరిందో తెలిసిపోతుంది.

ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక చిట్కా గురించి కూడా చెప్పాలి. స్టార్, హ్యాష్, 21, హ్యాష్ నొక్కితే ట్యాపింగ్ తెలుస్తుందని చాలామంది నమ్ముతున్నారు. దాంతో తెలిసేది మీ కాల్స్ వేరే నంబరుకు ఫార్వర్డ్ అవుతున్నాయా లేదా అన్నదొక్కటే. సర్కారు ట్యాపింగ్ జరిగేది కంపెనీ నెట్‌వర్క్‌లో, మీ ఫోన్‌లో దాని ఆనవాలు ఉండదు. కాల్‌లో చప్పుడు, ప్రతిధ్వని వచ్చినంత మాత్రాన వింటున్నారనీ కాదు, రాకపోతే వినడం లేదనీ కాదు. మాట వినకుండానే మనిషిని పట్టిచ్చేది సీడీఆర్, అంటే కాల్ వివరాల రికార్డు. ఎవరికి చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద ఉన్నారు అన్నీ అందులో ఉంటాయి. దానికి హోం కార్యదర్శి సంతకం అక్కర్లేదు, ఎస్పీ స్థాయి అధికారి, కమిషనరేట్‌లో అయితే డీసీపీ, అడిగితే చాలు. కంపెనీలు దాన్ని కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరు నుంచి నిబంధన. సీడీఆర్‌ను చూసే సమీక్ష కమిటీయే లేదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అయినా ఫోన్ విన్న సంగతి ఆ మనిషికి ఎప్పటికీ చెప్పనక్కర్లేదు. తెలియని అన్యాయం మీద కోర్టుకు ఎవరు వెళ్తారు? అక్రమంగా వింటే మూడేళ్ల దాకా జైలు గానీ, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ అని కొత్త చట్టం రాసుకున్నా, ఫిర్యాదు చేసేవాడికే విషయం తెలియకపోతే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

కమిటీలో జడ్జిని పెట్టాలంటే కేంద్రం నిబంధన మార్చాలి, అది రాష్ట్రం చేతిలో లేదు. సంఖ్యలు ప్రకటించడం మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది. ఏటా ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారు, అత్యవసరం పేరుతో మొదలైనవి ఎన్ని, వాటిలో ఏడు రోజుల్లో ఆమోదం రానివి ఎన్ని, కమిటీ ఏయే తేదీల్లో కూర్చుంది, ఎన్నింటిని రద్దు చేసింది. ఇందులో ఎవరి పేరూ, ఏ నంబరూ బయటపడదు, దేశ భద్రతకు వచ్చే నష్టమూ లేదు. ప్రభుత్వం తనంతట తాను చెప్పకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు ఎవరైనా వేయవచ్చు. ఎస్ఐబీకి వేస్తే నిఘా సంస్థ అన్న సాకుతో తిప్పి పంపే వీలుంది. అందుకని సచివాలయంలో హోం శాఖకు ఒకటి, ప్రధాన కార్యదర్శి కార్యాలయం ఉండే సాధారణ పరిపాలన శాఖకు ఒకటి విడివిడిగా వేయండి. పేర్లు అడగకండి, అంకెలు, తేదీలే అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, లేదని వచ్చినా, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. మొదటి ప్రశ్నగా దీన్నే రాయండి: 2023 సంవత్సరంలో సమీక్ష కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని ఉత్తర్వులను రద్దు చేసింది?

ఇట్లు,
కొందరు న్యాయవాదులు,
అదాలత్ సెంటర్, హన్మకొండ