పిల్లలూ పెద్దలూ కలిసి చేసే ఆదివారం

ప్రియమైన సామ్యేలుకు, వందనాలు.

కుటుంబ ఆరాధన పెడుతున్నామన్నావు, సంతోషం. కానీ నువ్వు పంపిన వరసలో పిల్లలకు ఉన్నది ఒక యాక్షన్ సాంగూ, ఒక కంఠత వాక్యమూ. చప్పట్లయ్యాక గంటన్నర పెద్దల ఆరాధనే కదరా! కొత్త అంశాలు చేర్చొద్దు. ఉన్నవాటిలోనే వాళ్లకు పని పంచు.

వాక్యభాగం యోహాను 6:1-14 తీసుకో. అయిదు రొట్టెలు, రెండు చేపలతో యేసు అయిదువేల మందికి తినిపించిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది గానీ, రొట్టెలున్న ఆ చిన్నవాడు కనిపించేది యోహానులోనే. నలుగురితో చదివించు. కథనం, యేసు మాటలు పెద్దవాళ్లకు. శిష్యులు ఫిలిప్పు, అంద్రెయల మాటలు పదేళ్లు దాటిన పిల్లలకు. బైబిలు భాషకు వాళ్ల నోరు తిరగదు, పైగా మైకు చూడగానే గబగబా పరుగెత్తిస్తారు. అందుకని శనివారం సాయంత్రం 20 నిమిషాలు మైకు ముందే చదివించాలి. స్టాండు ఎత్తు కూడా అప్పుడే చూసుకో.

స్తుతికి 136వ కీర్తన. ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే వస్తుంది కాబట్టి, చదువు రాని నాలుగేళ్ల పిల్లా, కళ్లజోడు మరిచిన మామ్మా మూడో వచనానికల్లా అందుకుంటారు. 26 వచనాలూ వద్దు, సాగుతుంది. మొదటి 9, చివరి 4 చాలు. 25వ వచనంలో సమస్త జీవులకూ ఆహారమిచ్చే మాట ఉంది, నీ వాక్యభాగానికి అతుకుతుంది. పాటల్లో పాత కీర్తన ఒకటి తప్పక ఉంచు: పల్లవి పిల్లలకు, చరణం పెద్దలకు. పెద్దాయన ఎత్తుకునే శ్రుతిలో కింది స్వరాలు పిల్లలకు అందవు. ఒక మెట్టు పెంచమని కీబోర్డు అబ్బాయికి ముందే చెప్పు.

ప్రసంగం 6 నిమిషాల చొప్పున రెండు ముక్కలు, మధ్యలో పాట. మొదటి ముక్కకు బుట్టలో అయిదు జొన్నరొట్టెలు చూపించు. వాటిని చూస్తే, ఆ చిన్నవాడి యవల (బార్లీ) రొట్టె కూడా పేదవాడి తిండేనని వేరే చెప్పక్కర్లేదు. వాటిని విరిచి పంచొద్దు సుమా, ప్రభు భోజనంతో కలగాపులగమవుతుంది. ఆ భోజనం ఇచ్చే సంస్కారపు ఆదివారం ఈ ఆరాధన అసలే పెట్టుకోకు. ఇంకోటి, పిల్లల నోటి దగ్గర మైకు పెట్టి "యేసు ఏం చేశాడు?" అని అడగొద్దు. ఏదో తప్పు చెబుతారు, పెద్దలు నవ్వుతారు, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. అడగాల్సిందే అయితే చేతులెత్తించు, లేదా ప్రశ్న ఇచ్చి పక్కనున్న అమ్మానాన్నలతో ఒక నిమిషం మాట్లాడుకోమను.

అందుకే పిల్లల్ని ముందు చాపల మీద, టీచరు బెత్తం కింద కూర్చోబెట్టకు. ఇంటివాళ్ల పక్కనే ఉండనీ.

పదేసి నిమిషాల ప్రార్థన దగ్గరే పిల్లలు జారిపోతారు. నాలుగు మనవులు, ఒక్కోటి ఒకే వాక్యం, నలుగురు పిల్లలు చదవాలి. ఒక్కోదానికీ సంఘమంతా "ప్రభువా, మా మనవి ఆలకించుము" అనాలి. కానుక సంచులు పట్టేటప్పుడు ఒక పెద్ద, ఒక పిల్ల జతగా వెళ్లాలి.

మొత్తం 60 నిమిషాలు, 65 దాటనివ్వకు. ప్రకటనలు ఆశీర్వాదానికి ముందు రెండే, మిగతావి నోటీసు బోర్డుకు. కార్యదర్శి గారు ఒప్పుకోరని తెలుసు, ఆయన్ను నువ్వే చూసుకో!

నీ
ప్రభాకర్

తా.క. కార్డ్‌లెస్ మైకుకు కొత్త సెల్స్ వేయించు. అంద్రెయ వంతు వచ్చేసరికే అది ఆగిపోతుంది.