ఎనుమాముల మార్కెట్‌లో నన్ను తీర్చిదిద్దినవారికి కృతజ్ఞతలు

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో, రైతుల సరుకును కమీషన్‌పై అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో కొన్నేళ్లుగా చేస్తున్న గుమస్తా ఉద్యోగానికి ఈ నెలాఖరుతో సెలవు తీసుకుంటున్నాను. ఇకపై నర్సంపేట వైపు మిర్చి రైతులు కలిసి నడుపుకుంటున్న ఒక ఉత్పత్తిదారుల సంస్థలో లెక్కల బాధ్యత చూస్తాను. ఆ పనికి నేను తగినదాన్ని కావడానికి కారణమైనవారు చాలామంది ఉన్నందున, వారందరికీ కలిపి ఇక్కడ నమస్కరిస్తున్నాను.

మొదటి నమస్కారం మా పెద్ద గుమస్తా గారికి. బీకాం చదివి వచ్చిన నాకు ఖాతాలు తెలుసు గానీ సరుకు తెలియదు. అందుకే ఆయన నన్ను మొదటి సీజనంతా దుకాణంలో కూర్చోనివ్వకుండా యార్డులో మిర్చి బస్తాల మధ్య నిలబెట్టారు. పొద్దున జరిగే తొలి వేలమైన జెండా పాటలో పలికిన ధర ఆ రోజు వచ్చిన మేలైన సరుకుకే దక్కుతుందని, తక్కిన రాశులకు ఖరీదుదారులు కాయ విరిచి, రంగు, తేమ, తాలు చూసి వేర్వేరు ధరలు కడతారని ఆయన పక్కనుండి చూపించారు. తేజ రకం మిర్చిని ఘాటుకు కొంటారని, మన చపాటా రకంలో కారం తక్కువైనా చిక్కటి ఎరుపే దాని విలువ అని చెప్పేవారు. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆయన కళ్లలో కనిపించిన సంతోషం తన చేనులో పండించిన రైతు సంతోషానికి ఏమాత్రం తక్కువ కాదు.

హమాలీ అన్నలకు, కాంటా దగ్గర ఒక్క కిలో తేడా రానివ్వని దడ్వాయి గారికి, ఘాటుకు ముక్కూ నోరూ కొంగుతో కట్టుకుని కాయ ఎత్తే చాట కూలీ అక్కలకు ఎంత చెప్పినా తక్కువే. మగవాళ్లే ఎక్కువగా ఉండే ఆ యార్డులో నేను నిర్భయంగా తిరిగానంటే ఆ అక్కలు నన్ను తమ మనిషిగా చూసుకోవడమే కారణం. మధ్యాహ్నం సద్ది విప్పితే నన్ను పిలవకుండా వారు తినలేదు.

నాలో వచ్చిన పెద్ద మార్పు మాత్రం ఒక రైతు వల్ల వచ్చింది. ములుగు వైపు నుండి వచ్చిన ఆ పెద్దాయన తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క రాసిచ్చే చీటీ) చేతిలో పట్టుకుని, "బిడ్డా, పైసలు తక్కువ వచ్చినందుకు కాదు, ఎందుకు తక్కువైనయో ఎవ్వలూ చెప్తలేరు, అదే బాధ" అన్నారు. ఆ రోజు నుండి తూకం, ధర, కమీషన్, హమాలీ, దడ్వాయి, చాట ఖర్చులు అన్నీ ప్రతి రైతుకూ వరుసగా చదివి వినిపించాకే పట్టీ చేతికిచ్చాను. కోపంతో వచ్చిన మనిషికి ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా, దాపరికం లేకుండా మాట్లాడటం నేను అలా అలవరచుకున్నాను. కొత్త సంస్థ వారు నన్ను ఎంచుకున్నది కూడా ఈ పద్ధతి చూసే.

ఆదివారాలు కాకతీయ విశ్వవిద్యాలయ దూరవిద్యా తరగతులకు వెళ్లి ఎంకాం పూర్తి చేయగలిగానంటే అది మా యజమాని గారి చలవ. సీజన్ మధ్యలో పరీక్షలు వచ్చినప్పుడు, యార్డు నిండా బస్తాలున్నా, జీతం కోయకుండా సెలవిచ్చి నా పట్టీలు తానే రాసుకున్నారు. ఆ రుణం తీరేది కాదు.

నా స్థానంలో ఒక చెల్లెలు చేరింది. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉంచిన రైతుల రసీదులు, రావలసిన బాకీల వివరాలు ఊరి పేర్ల వారీగా పుస్తకంలో రాసి ఆమెకు అప్పగించాను. రైతు సోదరులు ఆమెను అడిగితే పట్టీ చదివి వినిపిస్తుంది. అక్కలారా, ఆమెను కూడా సద్దికి పిలవండి.